ముందు గడప కట్టండి

హన్మకొండలో నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్న ఒక కుర్రాడు వేయిస్తంభాల గుడిని వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీలో) కట్టుకొచ్చాడు. మూడు నెలలు రాత్రుళ్లు కూర్చుని చేసిన పని. హెడ్‌సెట్ నాకు పెట్టబోతుంటే, "ముందు అమ్మకు పెట్టు" అన్నాను. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. నలభై ఏళ్లుగా ప్రతి సోమవారం ఆ గుడికి పోతున్న మనిషి.

అమ్మ లేచి నిలబడింది. స్తంభాలు చూసింది, తలెత్తి పైకప్పు చూసింది. "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. నాలుగడుగులు వేసి గర్భగుడి వాకిలి ముందుకొచ్చింది. అక్కడ కుడికాలు ఎత్తింది. గడప దాటడానికి ఎత్తిన కాలు అది. ఎక్కడ దించాలో తెలియక ఆ కాలు ఒక్క క్షణం గాలిలో తడబడింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. "గడప ఏది బిడ్డా?" అని అడిగింది.

గడప లేదు. కుర్రాడు పని చేసింది ఫొటోలు ముందు పెట్టుకుని. ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో గడప ఒక నల్లటి గీతలాగా కనిపిస్తుంది. అతను దాన్ని నేలమీద గీతలాగే అతికించాడు. నలభై ఏళ్లుగా ఆమె కాలికి తెలిసిన సంగతి మూడు నెలలు చూసిన అతని కంటికి అందలేదు.

వీఆర్‌లో బొమ్మలు వేయాలనుకునేవాళ్లకూ, ఇళ్లో వస్తువులో డిజైన్ చేయాలనుకునేవాళ్లకూ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఎత్తిన కాలులో ఉంది. ఈ మాధ్యమంలో మీ బొమ్మను చూసేది కళ్లు మాత్రమే అనుకోకండి. ఒంటితో చూస్తారు. కాబట్టి మీరూ ఒంటితో నేర్చుకోవాలి.

ఫ్రేము పోయాక మిగిలేది

కాగితం మీద గీసేటప్పుడు సగం పని ఆ నాలుగు అంచులే చేసిపెడతాయి. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి, ఏది మధ్యలోకి రావాలి అన్నవన్నీ అంచుల్ని బట్టే తేలతాయి. ఫొటోకైనా సినిమాకైనా అంతే. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి ఆ అంచులు లేవు. మీరు ముందున్న శిల్పం చూపించాలని ఆరాటపడుతుంటే ఆయన వెనక్కి తిరిగి ఖాళీ గోడను చూస్తుండొచ్చు. వంగి పీఠం కింద ఏముందో వెతుకుతుండొచ్చు.

ఫ్రేము పోయాక మీ చేతిలో మిగిలేవి ఐదు: చూసేవాళ్లు ఎక్కడ నిలబడతారు, వస్తువు ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది, ఏ దారిన నడుస్తారు, ఎంతసేపు ఆగుతారు. రేఖ, రంగు, వెలుగునీడలు నేర్చుకున్నంత శ్రద్ధగా ఈ ఐదూ నేర్చుకోవాలి.

మొదటినుంచీ ఈ సాంకేతికత ప్రాణం శరీరంలోనే ఉంది. 1968లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఇవాన్ సదర్లాండ్ తలకు పెట్టుకునే తెర తయారుచేశాడు. తల కదలికను కొలిచే దాని యంత్రపు చెయ్యి పైకప్పు నుంచి వేలాడేది. అందులో కనిపించింది తీగలతో కట్టినట్టున్న గీతల బొమ్మ. అయినా తల తిప్పితే ఆ బొమ్మ తగినట్టుగా తిరిగింది. అందం లేకపోయినా స్థలం ఉందక్కడ. 1995లో కెనడా చిత్రకారిణి చార్ డేవీస్ 'ఆస్మోస్' అనే వీఆర్ కళాకృతి చేసింది. అందులో మీటలు నొక్కే పని లేదు. ఛాతీకి కట్టిన పట్టీ ఊపిరిని కొలుస్తుంది. గాలి పీలిస్తే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. ఆమెకు సముద్రంలో డైవింగ్ చేసిన అనుభవం ఉంది. నీళ్లలో తన ఒంటికి తెలిసిన సంగతినే కళలోకి తెచ్చింది. మీ ఒంటికి తెలిసిన సంగతి ఏది? ఓరుగల్లులో పుట్టి పెరిగినవాళ్లకు దీనికి జవాబు వెతుక్కోవడానికి దూరం పోనక్కర్లేదు.

మన ముగ్గురు గురువులు

మొదటి గురువు రామప్ప. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడి. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈసారి వెళ్లినప్పుడు ఫోన్ జేబులోనే ఉంచండి. చెప్పులు విడిచి నక్షత్రాకారపు పీఠం ఎక్కి, ప్రదక్షిణ దారిలో మెల్లగా నడవండి. గోడ అడుగున ఏనుగుల వరుస మీ నడకతోపాటే సాగుతుంది. అది ఆగి చూసే బొమ్మ కాదు, నడుస్తూ చూడమని చెక్కిన బొమ్మ. తర్వాత తలెత్తండి. చూరు కింద మదనికలు, అంటే నల్లరాతి స్త్రీ శిల్పాలు, స్తంభాల మీంచి ముందుకు వాలి ఉంటారు. ఒక మదనిక కింద నిలబడి చూడండి. మూడడుగులు ఎడమకు జరిగి మళ్లీ చూడండి. నడుము వంపు మారుతుంది, చేతి నీడ మారుతుంది.

ఫొటోలో మదనిక మన కళ్లకు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. గుళ్లో మనమే తలెత్తాలి. తలెత్తినప్పుడు మెడమీద పడే ఆ చిన్న శ్రమ కూడా శిల్పి పనిలో భాగమే. వీఆర్‌లో రామప్ప కట్టేవాళ్లు తరచూ చేసే పొరపాటు, చూసేవాళ్లను గాల్లో ఎగరేసి మదనిక ముఖం ముందుకు తీసుకెళ్లడం. అడిగితే "దగ్గరగా చూపించడానికి" అంటారు. దగ్గరితనం ఇచ్చి ఎత్తును తీసేసుకున్నారు. ఎగరడం సాధ్యమైన ప్రతిచోటా ఎగరేయకండి.

రామప్ప నేర్పే రెండో పాఠం కదలిక. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు ఆయనకు ఆధారమైనవి ఈ శిల్పాలూ, పదమూడో శతాబ్దంలో జాయపసేనాని రాసిన నృత్తరత్నావళీ. రాతిలో ఉన్నవి ఆగిపోయిన భంగిమలు. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు ఒళ్లు ఎలా వెళ్తుందో రాయి చెప్పదు. దాన్ని ఆయన శాస్త్రం చదివి, సాధన చేసి వెతుక్కున్నారు. రేపు మీరు ఒక నర్తకిని వీఆర్‌లో కదిలించాలంటే, భంగిమలను స్కాన్ చేయడం చిన్న పని. రెండు భంగిమల మధ్య ఉన్నదాన్ని తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడమే పెద్ద పని.

రెండో గురువు చేర్యాల పటం. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. నకాషీ చిత్రకారులు బట్టకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పూసి, ఎర్రటి నేపథ్యం మీద కథ మొత్తం అరలు అరలుగా వేస్తారు. పాతకాలపు పటాలు ముప్ఫై నలభై అడుగుల పొడవుండేవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లూ, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లూ ఆ పటం వేలాడదీసి రాత్రంతా కథ నడిపేవాళ్లు.

కథకుడు ఏం చేస్తాడో గమనించండి. పటమంతా ఒకేసారి విప్పడు. అర తర్వాత అర విప్పుతాడు. చేతిలో కర్ర ఉంటుంది. కర్ర ఎటు తగిలితే అందరి చూపూ అటు పోతుంది. గొంతు తగ్గిస్తే జనం ముందుకు వంగుతారు. చూసేవాళ్ల తల ఎటు తిప్పాలో బలవంతపెట్టకుండా, వాళ్లంతట వాళ్లే తిప్పేలా చేయడం పటం కథకుడి విద్య. వీఆర్ డిజైనర్లు తల పట్టుకునే సమస్యకు ఇదే మందు. వెలుగును కర్రలా వాడండి. వెనక నుంచి ఒక చిన్న చప్పుడు వినిపించండి, తల దానంతటదే తిరుగుతుంది. అన్నీ ఒకేసారి విప్పకండి.

మూడో గురువు ఓరుగల్లు కోటలోని కీర్తి తోరణం. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం శిథిలమై, రాళ్లై పరుచుకుని ఉంది. దూరం నుంచి తోరణం ఒక ఫ్రేములాగా కనిపిస్తుంది. నడుచుకుంటూ దగ్గరికి వెళ్తే అదే దారి అవుతుంది. దాటి వెనక్కి తిరిగితే మీరు వచ్చిన లోకాన్ని చూపిస్తుంది. నాలుగు అంచులు లేని చోట చూపును ఎలా కూర్చాలో ఇంతకన్నా బాగా చెప్పే పాఠ్యపుస్తకం నాకు తెలియదు. ఆ మధ్యనున్న ఖాళీ నేర్పే పాఠం ఇంకొకటుంది. దాని గురించి తర్వాత చెబుతాను.

చేతికి రావాల్సిన లెక్కలు

ఇక పని దగ్గరికి వద్దాం. ఈ ఏడు లెక్కలూ నోటికి వచ్చేదాకా మననం చేసుకోండి.

1. కొలత అసలుది ఉండాలి. వీఆర్‌లో స్కేలు తప్పితే కన్ను ముందు పట్టదు, ఒళ్లు పడుతుంది. బ్లెండర్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అందులో ఒక యూనిట్‌ను ఒక మీటరుగా పెట్టుకుని, టేపుతో కొలిచిన అంకెలే వేయండి. గడప ఎత్తు, మెట్టు ఎత్తు, కూర్చునే అరుగు ఎత్తు మూడూ తప్పకుండా కొలవండి. ఒంటికి బాగా తెలిసిన కొలతలు అవే.

2. కంటి ఎత్తు చూసేవాళ్లదే. మీ ఎత్తును మోడల్‌లో బిగించేయకండి. పదేళ్ల పాప హెడ్‌సెట్ పెట్టుకుంటే పాప ఎత్తు నుంచే కనిపించాలి.

3. ఎక్కువసేపు చూడాల్సిన వస్తువును ముఖానికి అర మీటరుకన్నా దగ్గరగా పెట్టకండి. హెడ్‌సెట్ కటకాలు ఒకే దూరానికి కుదిర్చి ఉంటాయి. దగ్గరి వస్తువు కోసం రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి గానీ ఫోకస్ మారదు. ఆ పొత్తు కుదరకే కళ్లు లాగుతాయి.

4. మనిషిని మీరు కదిలించకండి, మనిషే కదలాలి. ఒళ్లు నిలబడి ఉండగా కళ్లకు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తే, చెవిలోపలి సమతూకపు అవయవం ఒప్పుకోదు. కడుపులో తిప్పుతుంది. నడిచేందుకు గది చాలకపోతే, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఒక్కసారిగా మార్చడమే మేలు.

5. బొమ్మ తడబడకూడదు. సెకనుకు 72 సార్లకు తగ్గకుండా బొమ్మ మారాలి. అందుకే స్కాన్ చేసిన శిల్పంలోని లక్షల ముక్కోణాలను అలాగే వదిలేయకుండా, రూపం చెడకుండా తగ్గించడం నేర్చుకోండి. ఎక్కడ తగ్గించాలో తెలియడం కూడా డ్రాయింగే.

6. ఫొటోలతో మోడల్ కట్టేటప్పుడు మబ్బు పట్టిన ఉదయం ఎంచుకోండి. ప్రతి ఫొటోలోనూ అంతకుముందు ఫొటోలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు మళ్లీ రావాలి. నునుపు చేసిన నల్లరాయి దగ్గర జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ రెండు ఫొటోల్లో ఒకే మచ్చను వెతికి జత చేస్తుంది. వేయిస్తంభాల గుడి స్తంభాల మీది మెరుపు మీతోపాటే జరుగుతుంటుంది కాబట్టి లెక్క తప్పి, రాయి గుంతలు పడినట్టు వస్తుంది. అలాంటి చోట కెమెరా పక్కన పెట్టి, స్తంభం అంచు గీతను కాగితం మీద గీయండి. ఆ స్తంభాల గుండ్రటి భాగాలు తరిమెన పట్టినట్టుంటాయి. ఆ ఒక్క గీతను బ్లెండర్‌లో గుండ్రంగా తిప్పితే ఆ భాగాలు లేచి నిలబడతాయి. చేత్తో గీసిన గీత స్కాన్ కన్నా నిజమైన సందర్భం ఇది.

7. పది నిమిషాల్లో ముగించండి. హెడ్‌సెట్ అర కిలో దాకా బరువుంటుంది. పెద్దవాళ్లకు చూపించేటప్పుడు పక్కన ఒక మనిషి నిలబడాలి. ఆ సాయం కూడా డిజైన్‌లో భాగమే.

ఇళ్లు డిజైన్ చేసేవాళ్లకు

ప్లాన్ కాగితం చదవడం అందరికీ రాదు. పది బై పన్నెండు గది అంటే తల ఊపుతారు. మంచం, బీరువా పెట్టాక నడిచే దారి ఎంత మిగిలిందో గోడలు లేచాకే తెలుస్తుంది. అప్పటికి డబ్బు అయిపోయి ఉంటుంది. హెడ్‌సెట్ ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది. వంట గట్టు దగ్గర ఇంటావిడను నిలబెట్టండి. చెయ్యి చాచి పై అర అందుకోమనండి. అందకపోతే అక్కడికక్కడే తగ్గించండి. అత్తగారిని మెట్ల దగ్గర నిలబెట్టండి. పట్టుకోవడానికి ఏముందో ఆమే చెబుతుంది.

దిక్కు సరిగ్గా పెట్టండి. మన దగ్గర హెడ్‌సెట్ పెట్టుకోగానే సగం మంది అడిగే మొదటి మాట "తూర్పు ఎటు?" అనే. దాన్ని చాదస్తమని తీసిపారేయకండి. మే నెలలో వరంగల్ పడమటి ఎండ ఏ కిటికీలోంచి మంచం మీద పడుతుందో చూపించడానికి అదే మంచి అవకాశం. సాఫ్ట్‌వేర్ ఇచ్చే అందమైన సాయంత్రపు వెలుగులోనే ఇల్లంతా చూపించి ఒప్పించడం మాత్రం మోసం. మధ్యాహ్నం మూడింటి వెలుగూ చూపించండి, కరెంటు పోయిన రాత్రీ చూపించండి.

వస్తువుల డిజైన్‌కూ ఇదే మాట. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్త డిజైన్‌ను నేయకముందే అసలు కొలతలో నేలమీద పరిచి చూసుకోవచ్చు. చిన్న తెరమీద బాగున్న చార, పది అడుగులు పరిచేసరికి కళ్లు చెదరగొట్టొచ్చు. నూలు ఖర్చు కాకముందే ఆ సంగతి తెలుస్తుంది. అయితే చివరిమాట నేతగాడిది. ఏ మలుపు మగ్గం మీద వస్తుందో, ఏది రాదో హెడ్‌సెట్‌కు తెలియదు.

ఖాళీ ముందు నిజాయితీ

ఇప్పుడు కోటలోని ఆ ఖాళీ దగ్గరికి. వీఆర్ నేర్చుకున్న ప్రతివాళ్లకూ స్వయంభూ ఆలయాన్ని తిరిగి నిలబెట్టాలనిపిస్తుంది. నిలబెట్టండి. కానీ ఏది దొరికిన రాయి, ఏది మీ ఊహ అన్నది చూసేవాళ్లకు తెలియాలి. 2006లో రూపుదిద్దుకున్న లండన్ చార్టర్ అనే అంతర్జాతీయ నియమావళి కోరేది ఇదే. దొరికిన రాళ్లకు నిండు రంగు వేసి, ఊహించిన భాగాన్ని లేత బూడిద రంగులో ఉంచండి. అందం తగ్గుతుందని భయపడకండి, నమ్మకం పెరుగుతుంది. కాగితం మీద తప్పు గీస్తే అది బొమ్మలో తప్పుగానే ఉంటుంది. వీఆర్‌లో తప్పు కడితే, పిల్లలు ఆ తప్పులో నడిచి వస్తారు. నడిచి వచ్చిన చోటు జ్ఞాపకమై కూర్చుంటుంది.

వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం కథ గుర్తుచేసుకోండి. కుంగిన ఆ మండపాన్ని విప్పదీసి, రాయిరాయినీ గుర్తుపెట్టుకుని, మళ్లీ కట్టి 2024 మార్చిలో తెరిచారు. విప్పడానికీ తెరవడానికీ మధ్య పదిహేనేళ్లకు పైగా పట్టింది. మనం వారంలో ఒక గుడి లేపేస్తున్నాం. వేగం తప్పు కాదు. ఆ ఓపికలో పదో వంతైనా మనకు ఉండాలి.

నిజాయితీకి మరో ముఖం, ఎవరి విద్య వాళ్లదని ఒప్పుకోవడం. చేర్యాల ఎరుపునూ, ఆ బొమ్మల కళ్లనూ మీ వీఆర్ లోకంలో వాడుతున్నారంటే ఒక నకాషీ కళాకారుడితో కూర్చోండి. పేరు వేయండి, డబ్బు ఇవ్వండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్లలో స్టాండు పెట్టి చిత్రీకరించాలన్నా, డ్రోన్ ఎగరేయాలన్నా ముందు అనుమతి తీసుకోండి.

పనిముట్ల గురించి ఒక్క మాట. గాలిలో బొమ్మ గీసే టిల్ట్ బ్రష్‌ను గూగుల్ 2016లో తెచ్చింది, 2021లో దాని మీద పని ఆపేసి కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. ఇప్పుడు అది ఓపెన్ బ్రష్ పేరుతో బతుకుతోంది. పనిముట్లు వస్తాయి, పోతాయి. దూరం, ఎత్తు, నడక తెలిసిన చెయ్యికి ఏ పనిముట్టైనా లొంగుతుంది.

నాలుగు వారాల సాధన

మొదటి వారం: హెడ్‌సెట్ ముట్టుకోకండి. మీ ఊరి గుడో, బడో, మీ ఇంటి వాకిలో ఒక చోటు ఎంచుకోండి. రోజూ ఒకే వేళకు వెళ్లి పావుగంట కూర్చోండి. ఎక్కడ ఎవరు ఆగుతున్నారో, ఎక్కడ వంగుతున్నారో, ఏది పట్టుకుంటున్నారో రాసుకోండి.

రెండో వారం: కొలవండి. అడుగులతో, జానలతో, ఆ తర్వాత టేపుతో. మూడు అంకెలూ పక్కపక్కన రాయండి. చప్పుళ్లు కూడా రాయండి.

మూడో వారం: కట్టండి. గోడలకు రంగు వద్దు, శిల్పాలు వద్దు. నేల, మెట్లు, గడప, స్తంభాలు మాత్రం బూడిద రంగులో. ఇంతమాత్రంతోనే ఆ చోటు గుర్తుపట్టేలా ఉండాలి.

నాలుగో వారం: ఆ చోటు బాగా తెలిసిన మనిషికి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. మీరు మాట్లాడకండి. వాళ్ల చేతులూ కాళ్లూ చూడండి. చెయ్యి దేనికోసమో చాచి, దొరకక వెనక్కి వచ్చిన ప్రతిచోటా మీకు పని మిగిలి ఉంది.

మళ్లీ అమ్మ దగ్గరికి

ఆ కుర్రాడు మర్నాడు పొద్దున్నే గుడికి పోయాడు. టేపు పట్టుకుని, ఉత్త కాళ్లతో. గడప కొలిచి తెచ్చి మోడల్‌లో పెట్టాడు. పెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. కంటికి గడప కనిపిస్తుంది, కాలి కింద లేదు. అప్పుడు అతనికి ఒక సంగతి చెప్పాను. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు వీఆర్‌లో ఒక గొయ్యి అంచున మనుషులను నిలబెట్టి చూశారు. పాదాల కింద నిజంగా ఒక సన్నని చెక్క పెడితే వాళ్ల గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది. అంగుళంన్నర ఎత్తున్న చెక్క ఆ గొయ్యినంతా నమ్మించింది.

కుర్రాడు వడ్రంగి దగ్గరికి పోయి కొలత ప్రకారం టేకు దిమ్మ కోయించుకొచ్చాడు. మోడల్‌లో గడప ఉన్న చోటికి సరిగ్గా సరిపోయేలా మా హాల్లో నేలమీద పెట్టాడు. మేమిద్దరం అమ్మకు చెరోవైపు నిలబడ్డాం.

అమ్మ నాలుగడుగులు వేసింది. వాకిలి ముందు ఆగింది. ఈసారి కాలు ఎత్తలేదు. మెల్లగా వంగి, వేళ్లతో ఆ చెక్కను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకోబోయింది. హెడ్‌సెట్ అడ్డం వచ్చింది. తీసేసి, మళ్లీ వంగి, కళ్లకద్దుకుంది.